రాలిపోయిన సున్నా

ఆసుపత్రిలో అతన్ని అందరూ ‘నిప్పు’ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆ పేరు తెచ్చుకోవడానికి అతను పెద్దగా కష్టపడిందీ లేదు. చేరిన కొత్తల్లో ఎవరో వచ్చి, తన సెలవు తేదీ కంప్యూటర్లో కాస్త వెనక్కి జరపమని అడిగితే, "నా దగ్గర అలాంటివి కుదరవండీ, నేను నిప్పు" అన్నాడు. అంతే, అంటుకుంది. ఫార్మసీ ఆయన అయితే ఇతను వరండాలో కనబడితే చాలు, కాలుతుందన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుని గోడవారగా తప్పుకునేవాడు. నిప్పుకు అది వెటకారంగా తోచేది కాదు. పైకి విసుక్కునేవాడు గానీ లోపల తెగ మురిసిపోయేవాడు. మనుషులకు ఉండే రకరకాల పిచ్చుల్లో అదీ ఒకటి, ఏం చేస్తాం.

పేరుకు అది కంప్యూటర్ విభాగం. నిజానికి మెట్ల పక్కన ఒక గది, అందులో ఒక బల్ల, ఎప్పుడూ గుర్రుమనే ఫ్యాను ఒకటి, వాటి మధ్య నిప్పు ఒక్కడే. కింది అంతస్తులో రక్తపరీక్షల ల్యాబ్. అందులో అందరికన్నా సీనియర్ టెక్నీషియన్ అతని వదిన, సొంత అన్నయ్య భార్య. ఇక్కడ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పి, పట్టుబట్టి దరఖాస్తు పెట్టించింది కూడా ఆవిడే. ఆవిడ ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇతను బడికి పోయే పిల్లాడు. లెక్కల పరీక్ష తప్పితే ఇంట్లో చెప్పే ధైర్యం లేక ముందు వదిన చెవిలో వేసేవాడు. ఆవిడ ఇతన్ని కూర్చోబెట్టి, తప్పు ఎక్కడ జరిగిందో వెతికించి, ఆ తరవాతే అన్నయ్య దగ్గరికి పంపేది. ఇప్పటికీ అందరిదీ ఒకే ఇల్లు. కింద అన్నావదినలు, పైగదిలో ఇతను. రెండు పూటలా భోజనం కిందే.

ఇక జరిగిందేమిటంటే, ల్యాబ్‌లోకి కొత్త యంత్రం వచ్చింది. రక్తం చూసి రిపోర్టు తయారుచేసి, టెక్నీషియన్ బొత్తాం నొక్కగానే ఆ రిపోర్టు మీద ఒక ముద్ర వేస్తుంది. ముద్ర అంటే సిరాతో వేసేది కాదు. ఆ ఫైలు మొత్తాన్ని పిండి తీసిన సారం లాంటిది. దాన్నే హ్యాష్ అంటారు. రిపోర్టులో ఒక్క అంకె మార్చినా, ఒక్క చుక్క చెరిపినా, మళ్ళీ లెక్కగట్టినప్పుడు ముద్ర పూర్తిగా వేరేది వస్తుంది. కాబట్టి ఎవరైనా తరవాత రిపోర్టు దిద్దితే ఇట్టే దొరికిపోతారు. డ్రైవర్లకీ కాపలావాళ్ళకీ ఆరోగ్యం బాగుందని ధ్రువపత్రాలు ఇచ్చేది ఈ రిపోర్టుల మీదే. వాటిని ఎవరో దిద్దుతున్నారని కొన్నాళ్ళుగా గుసగుసలు ఉన్నాయి. అందుకని సూపరింటెండెంటు పెద్ద డాక్టరమ్మ నిప్పును పిలిచి, దాచిన రిపోర్టులన్నిటికీ మళ్ళీ ముద్రలు లెక్కగట్టి, యంత్రం అప్పట్లో వేసిన ముద్రలతో సరిచూసే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, ఒకటి రాయమంది.

రాశాడు. లెక్క వచ్చింది గానీ చూసుకునేసరికి తెరంతా గందరగోళం. నలుపు డబ్బాలు, ప్రశ్నార్థకాలు, ఏ భాషవో తెలియని తోకల అక్షరాలు. హ్యాష్ అనేది కంప్యూటర్ లోపల ముడి రూపంలో ఉంటుంది, మనిషి చదవడానికి కాదు. దాన్ని చదవగలిగే రాతగా మార్చాలి. అంటే సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఇంగ్లీషు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు, వాటితో మొత్తం అరవై నాలుగు గుర్తుల వరస. యంత్రం ముద్రలూ ఆ రూపంలోనే ఉన్నాయి. ఆ మార్పు చేసిపెట్టడానికి స్క్రిప్టు భాషలోనే రెడీమేడ్‌గా ఒక ఆదేశం ఉంది, ఒక్క మాట రాస్తే చాలు. కానీ మనవాడికి రెడీమేడ్ వాడితే నామోషీ. ఆ ముడి హ్యాష్‌ని మొత్తంగా ఒక పెద్ద సంఖ్య కింద మార్చి, ఆ సంఖ్యను మళ్ళీ గుర్తులుగా విడగొట్టే దారి ఒకటి సొంతంగా కనిపెట్టాడు. రెండు మూడు రిపోర్టుల మీద చూశాడు, అచ్చు గుద్దినట్టు సరిపోయింది. భుజం తట్టేవాళ్ళు ఎవరూ లేక తనే తట్టుకున్నాడు. తరవాత ఆ పొడుగు వరసలు తెర మీద చికాగ్గా ఉన్నాయని తీసేసి, సరిపోతే పచ్చ చుక్క, సరిపోకపోతే ఎర్ర చుక్క వచ్చేట్టు పెట్టాడు. అంత కష్టపడి చదవగలిగేట్టు చేసినవాడు, ఆ పైన వాటిని చదవలేదు.

"ఎవరి రిపోర్టులతో మొదలుపెట్టను?" అని ల్యాబ్‌లో అడిగితే మిగతావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నా వాటితో మొదలుపెట్టు అబ్బాయీ, ఏదన్నా తేడా వస్తే మనలో మనం సర్దుకోవచ్చు" అంది వదిన.

ఆవిడ రిపోర్టులు నడిపాడు. పచ్చ, పచ్చ, పచ్చ, ఎరుపు. మళ్ళీ పచ్చలు, మధ్యలో మళ్ళీ ఎరుపు. చివరికి చూస్తే అక్కడొకటి అక్కడొకటిగా బోలెడు ఎర్ర చుక్కలు.

నిప్పు బెదిరిపోయాడు, అబద్ధం ఎందుకు. కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. కింది అంతస్తు దాకా దిగి, "వదినా, ఇవేమిటి?" అని అడిగితే అయిపోయేది. మెట్ల మొదటి దాకా వెళ్ళాడు కూడా. అక్కడ ఆగి ఆలోచించాడు. ఇంటి మనిషి కాబట్టి ముందే చెప్పి జాగ్రత్తపడనిచ్చాడు అంటారేమో. ఇంకొకరైతే అలా అడిగేవాడా? అడిగేవాడు కాదు. మరి వదిననైనా అడగకూడదు. అలా తనకు తనే తీర్పు చెప్పుకుని, దిగాల్సిన మెట్లు దిగకుండా నేరుగా పెద్ద డాక్టరమ్మ గదికి నడిచాడు.

మర్నాడు సమావేశం గదిలో అందరినీ కూర్చోబెట్టారు. గోడ మీద తెర, తెర మీద ఎర్ర చుక్కలు.

"ఇవన్నీ ఎవరివి?" అడిగింది డాక్టరమ్మ, ఆవిడకు ముందే తెలిసినా.

"మా వదినవే మేడమ్" అన్నాడు నిప్పు. "సొంత మనిషైనా సరే, నా పని నేను చేయాలి కదా."

గదిలో సన్నగా ఏదో కదలిక, మెచ్చుకోలు లాంటిది. ఎప్పుడూ ఆటపట్టించే ఫార్మసీ ఆయన కూడా తల పంకించాడు. ఆ క్షణాన నిప్పుకు ఛాతీ రెండింతలైంది. వదిన పరువు నడిబజార్లో పడుతున్న వేళ అతను చేసిన పని అది, సంతోషించడం. తరవాత్తరవాత అతను దేన్నయినా తట్టుకున్నాడు గానీ, ఆ సంతోషం గుర్తొస్తే మాత్రం ఒళ్ళు చచ్చిపోయేది.

"నువ్వేమంటావమ్మా?" అని డాక్టరమ్మ వదినను అడిగింది.

"నేనేమీ మార్చలేదు మేడమ్" అంది వదిన గట్టిగానే. అని మరిది వైపు చూసింది. అతను తెర వైపు చూస్తున్నాడు. "మార్చినట్టు గుర్తులేదు" అంది ఈసారి కొంచెం మెల్లగా. ఇంకాసేపు ఆ ఎర్ర చుక్కల్ని చూసి, "మా మరిది చూసి చెప్పాడంటే తప్పు ఉండదు మేడమ్. కొత్త యంత్రం కదా, తెలియక నేనే ఏదో నొక్కి ఉంటాను" అంది.

నిప్పు హమ్మయ్య అనుకున్నాడు. ఒప్పుకుంది కాబట్టి శిక్ష తగ్గుతుందని. ఎంత దయ చూడండి మహానుభావుడికి.

విచారణ కమిటీ వేశారు. మిగతావాళ్ళ రిపోర్టుల తనిఖీ ఆ తరవాతే అన్నారు. విచారణ తేలేదాకా వదినను యంత్రం దగ్గరికి రానివ్వొద్దని, సీసాలకు చీటీలు అంటించే గదిలో కూర్చోబెట్టారు. ఎన్నో ఏళ్ళుగా సూది గుచ్చితే నొప్పి తెలియని చెయ్యి అని పేరున్న మనిషి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఖాళీ సీసాల మీద జిగురు రాస్తూ కూర్చుంది.

ఇంట్లో ఎవరూ తిట్టలేదు. తిడితేనే బాగుండేది. అన్నయ్య కంచంలోంచి తలెత్తకుండా, "నీ డ్యూటీ నువ్వు చేశావులే" అన్నాడు. వదిన ఎప్పటిలాగే వడ్డించింది. మారు వడ్డిస్తూ మామూలుగా అడిగింది.

"ఆ ఎర్రవి ఏయే రిపోర్టులో కాస్త చెబుతావా? ఎక్కడ పొరపాటు పడ్డానో చూసుకుంటాను."

"విచారణ అయ్యేదాకా చెప్పకూడదు వదినా."

"అవునవును, అలాగే" అని ఆవిడ గరిటె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

విచారణ దగ్గరపడ్డాక డాక్టరమ్మ నిప్పును పిలిచింది. "ఈ ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు మనకు చాలు గానీ, కమిటీలో బయటివాళ్ళుంటారు. యంత్రం వేసిన ముద్ర ఒకటి, నువ్వు లెక్కగట్టింది ఒకటి, రెండూ పక్కపక్కనే కాగితం మీద వేసి ఇవ్వు" అంది.

అదెంత పని. మధ్యాహ్నం భోజనాల వేళకే కాగితాలు చేతికొచ్చాయి. సరిచేసి పిన్ను కొడదామని తిరగేస్తుంటే కుడివైపు అంచు ఎగుడుదిగుడుగా కనిపించింది. యంత్రం ముద్రలు గీత గీసినట్టు ఒకే పొడుగున ఉన్నాయి. తనవి కొన్ని ఒక గుర్తు తక్కువగా, చివర అక్షరమంత ఖాళీతో ఉన్నాయి. ప్రింటర్ వెధవ మళ్ళీ మొరాయించిందనుకుని విసుక్కుని ఇంకో కాపీ తీశాడు. అదీ అంతే.

అప్పుడు చదివాడు. మొదటిసారి, వేలు పెట్టి, ఒక్కో గుర్తూ పైకి పలుకుతూ చదివాడు. యంత్రం ముద్ర సున్నాతో మొదలై, ఏడు, సి, నాలుగు, ఎఫ్ అని సాగుతోంది. తనది ఏడు, సి, నాలుగు, ఎఫ్. తరవాత అంతా ఒకటే. చివరి గుర్తు దాకా ఒకటే. ముందున్న సున్నా ఒక్కటే లేదు.

రెండోది చూశాడు. యంత్రం ముద్ర సున్నాతో మొదలు. మూడోది, సున్నా. కాగితాలు గబగబా తిప్పాడు. ఎర్ర చుక్క పడిన ప్రతి రిపోర్టు ముద్రా సున్నాతోనే మొదలవుతోంది. పచ్చవాటిలో ఒక్కటీ అలా మొదలవదు.

తెలివైనవాడు కాబట్టి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. హ్యాష్‌ని తను సంఖ్యగా మార్చాడు. సంఖ్యకు ముందు సున్నా ఎందుకుంటుంది? సున్నాతో మొదలయ్యే ఫోను నంబరును కంప్యూటర్ లెక్కల పట్టికలో ఎక్కిస్తే, ముందున్న సున్నా చెప్పాపెట్టకుండా ఎగిరిపోతుంది చూడండి, అదే సంగతి. పదహారు ముద్రల్లో సుమారు ఒకటి సున్నాతో మొదలవుతుంది. అలాంటిది తగిలినప్పుడల్లా తన స్క్రిప్టు ఆ సున్నాను మింగేసి, రెండూ వేరని ఎర్ర చుక్క పెట్టింది. వదిన ఒక్క రిపోర్టూ ముట్టుకోలేదు. దిద్దింది ఎవరయ్యా అంటే, ఇతను.

నిప్పు తలుపు గడియ పెట్టుకుని, తన సొంత తెలివి అంతా చెరిపేసి, ఆ రెడీమేడ్ ఆదేశం ఒక్క మాట రాసి మళ్ళీ నడిపాడు. తెర పై నుంచి కింది దాకా పచ్చగా నిండిపోయింది. ఒక్క ఎరుపు లేదు. ఆ పచ్చదనం చూస్తుంటే మొహం మీద ఉమ్మేసినట్టుంది.

ఇప్పుడు చేయవలసిందేమిటో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ‘తప్పు నాది’ అని రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలే అతనివల్ల కాలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. చివరికి డాక్టరమ్మకు పంపిన సందేశం ఏమిటంటే, ‘సాంకేతిక కారణాల దృష్ట్యా మరోసారి తనిఖీ చేయగా అన్ని రిపోర్టులూ సరిపోయాయి’ అని. ఎవరి తప్పో లేదు, ఎలా తప్పో లేదు. ఆ సాంకేతిక కారణాలు తనే అని ఎక్కడా లేదు. ఎలాగూ వదిన బయటపడింది కదా, అది చాలు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

డాక్టరమ్మ పిలిపించింది. కళ్ళద్దాల మీదుగా అతన్ని చాలాసేపు చూసింది.

"అన్నీ సరిపోయాయా?"

"సరిపోయాయి మేడమ్."

"మొన్న అన్ని ఎరుపులుండి, ఇవాళ ఒక్కటీ లేదా?"

"సాంకేతికంగా కొంచెం..." అని నీళ్ళు నమిలాడు.

ఆవిడ కాగితం మడిచి పక్కన పెట్టింది. "సరే. ఎన్నో ఏళ్ళు పనిచేసిన మనిషి, నాకూ మనసొప్పలేదులే. రేపటినుంచి ల్యాబ్‌లో కూర్చోమను." అతను తలుపు దాటబోతుంటే వెనకనుంచి, "మంచి మరిదివే" అంది నవ్వుతూ.

ఆ మాటకు అర్థం అతనికి మర్నాడు వరండాలో ఫార్మసీ ఆయన ఎదురుపడ్డాక గానీ పూర్తిగా తలకెక్కలేదు. ఆయన ఈసారి పక్కకు తప్పుకోలేదు. దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"చల్లారావన్నమాట. తప్పేం లేదయ్యా, ఇంటి మనిషి కదా. మేమైతే ఇంత దాకా రానిచ్చేవాళ్ళమే కాదు."

మరిది కాపాడాడు, ఆవిడ బతికిపోయింది, ఆసుపత్రి మొత్తం అనుకుంటున్నది అదీ. ఇదివరకు ఆవిడ మీద ఉన్నది అనుమానం. ఇప్పుడు అది ఖాయమైంది, పైగా దానికి మాఫీ కూడా దొరికింది. కింద ల్యాబ్‌లోకి తొంగిచూస్తే సంగతి ఇంకా బాగా తెలిసింది. వార్డు నర్సు వదినకు ఒక సీసా రక్తం ఇచ్చి, అదే రోగిది రెండో సీసా పక్క బల్ల మీది టెక్నీషియన్ ముందు పెడుతోంది. "ఎందుకైనా మంచిదని" అంటోంది, వదినకు వినపడేట్టే. వదిన తలొంచుకుని తన సీసా అందుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నయ్య ఇంకా రాలేదు. వదిన వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలు తుడుస్తోంది. ఇతను నీళ్ళ కోసం వెళ్ళాడు.

"అబ్బాయీ" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా. "నువ్వు అలా చేయకుండా ఉండాల్సింది."

"ఎలా?"

"నాకోసం లేనిది రాశావు. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కాదు. నా మూలాన ఆడావు. నాకు తిండి సయించడం లేదు." తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. "నేను చేసినదానికి నేనే పడి ఉండేదాన్ని కదా. నీ మాటకు అక్కడ ఎంత విలువ. అది పోగొట్టుకున్నావు."

నిప్పు చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తల తీసేసినట్టయింది అంటారే, అది మాట వరసకు అనే మాట కాదని అతనికి అప్పుడు తెలిసింది. తన తప్పుకు ఆవిడకు శిక్ష పడింది, తన పిరికితనాన్ని ఆవిడ త్యాగం అనుకుంటోంది, పైగా తన పరువు గురించి ఆవిడ బెంగపడుతోంది. "వదినా, అది కాదు..." అన్నాడు. గేటు చప్పుడైంది, అన్నయ్య స్కూటరు. ఆవిడ చటుక్కున కళ్ళు తుడుచుకుని పొయ్యి వైపు తిరిగింది. అతను గ్లాసు అక్కడ పెట్టేసి, నీళ్ళు తాగకుండానే మెట్లెక్కి పోయాడు. సిగ్గు అంటే ఏమిటో ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాడు, పాపం.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాడు. అప్పటి వాళ్ళందరినీ మళ్ళీ అదే గదిలో కూర్చోబెట్టమన్నాడు. "ఇంకా ఏమిటయ్యా, అయిపోయింది కదా" అని ఆవిడ విసుక్కుంది. అవలేదన్నాడు. ఇంకో మాట కూడా అడిగాడు, ల్యాబ్‌లో మనుషులు చాలని రోజుల్లో ఆవిడ స్వయంగా చేసి ముద్ర వేసిన రిపోర్టులు చూడటానికి అనుమతి. ఆవిడ వింతగా చూసి, సరేనంది.

అందరూ వచ్చారు. వదిన ఆఖరి కుర్చీలో, తలుపు పక్కన కూర్చుంది. నిప్పు పాత స్క్రిప్టును తెర మీదికి తెచ్చి, డాక్టరమ్మ రిపోర్టుల మీద నడిపాడు. పచ్చ, పచ్చ, పచ్చ, ఎరుపు. ఎవరో కుర్చీ కదిపారు. ఇంకో ఎరుపు. ఆ తరవాత ఇంకోటి.

"ఏమిటిది?" డాక్టరమ్మ లేచి నిలబడింది. "నేను రిపోర్టులు దిద్దానంటావా?"

"ఈ స్క్రిప్టు అంటోంది మేడమ్. దీన్ని రాసింది నేను."

ఆ తరవాత ముద్రల్ని పక్కపక్కన పెట్టి, రాలిపోయిన సున్నా చూపించాడు. ముడి హ్యాష్‌ని రాతగా మార్చడంలో తప్పు తనదని, రెడీమేడ్‌గా ఉన్నదాన్ని కాదని గొప్పకు పోయానని చెప్పాడు. ఎర్ర చుక్క పడినవాటిని ఒక్కసారైనా కళ్ళతో చదవలేదన్నాడు. వదిన ఏ రిపోర్టూ మార్చలేదని, తను కాపాడటం అంతకన్నా లేదని చెప్పాడు. ఇక చివరిది నోట్లోంచి రావడానికి చాలా కష్టమైంది. "ఈ సంగతి నాకు ముందే తెలిసింది. తెలిసి సాంకేతిక కారణాలని రాశాను. చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఎవరూ తల పంకించలేదు. ఫార్మసీ ఆయన నవ్వుతాడేమో అనుకున్నాడు, ఆయన కిందికి చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ అతన్ని ఉతికి ఆరేసింది. మెమో ఇస్తానంది, ఇకనుంచి తనిఖీ పని ఇంకొకరు రెండోసారి చూడందే చెల్లదంది. ఆ తరవాత వదిన దాకా నడిచివెళ్ళి, అందరూ చూస్తుండగా ఆవిడ చెయ్యి పట్టుకుని, "మమ్మల్ని క్షమించమ్మా" అంది. వదిన, "అయ్యో మేడమ్, ఎంత మాట" అని లేచి నిలబడింది. నర్సు ముందే వెళ్ళిపోయింది, మొహం చూపించలేక కాబోలు.

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు. దారిలో మరమ్మతు కోసం తవ్వేసిన రోడ్డు, పక్కన మట్టి కుప్పలు. ఆవిడ ముందు, ఇతను వెనక. దాటాక పక్కపక్కన నడిచారు.

"నన్ను తిట్టు వదినా" అన్నాడు.

"తిట్టడానికేముంది" అంది ఆవిడ. కొంతదూరం పోయాక మళ్ళీ అంది. "ఆ రోజు మెట్లు దిగి వచ్చి ఒక్క మాట అడిగితే సరిపోయేది కదయ్యా. వదినా, ఇవి నువ్వు మార్చావా అని."

"అడిగితే పక్షపాతం అవుతుందనుకున్నాను."

"ఊఁ." ఆవిడ కొంగు సర్దుకుంది. "సరే, నువ్వు అడగలేదు. మరి నేను నిన్నెందుకు అడగలేదో తెలుసా, నీ లెక్క ఒకసారి సరిగా చూసుకో అని? నాకు ఆ మాట తోచనే లేదు. నువ్వు తప్పు చేసి ఉంటావని ఒక్కపూట కూడా అనిపించలేదు. నేనే చేశానని నమ్మాను. చీటీలు అంటిస్తూ కూర్చుని, ఏ రోజు ఏం నొక్కానా అని గుర్తు తెచ్చుకునేదాన్ని. చివరికి గుర్తొచ్చింది కూడా. చేయనిది గుర్తొచ్చింది, చూడు. నొక్కినట్టు నా వేలికి గుర్తుంది."

నిప్పు రోడ్డు మీదే ఏడ్చేశాడు. ఎదురొచ్చేవాళ్ళు చూస్తున్నారని కూడా లేదు. ఆవిడ ఓదార్చలేదు, కోపగించనూ లేదు. అతను తేరుకునేదాకా పక్కన నిలబడింది. తరవాత ఇద్దరూ ఇంటికి పోయారు.

అతన్ని ‘నిప్పు’ అని ఇప్పుడు ఆసుపత్రిలో ఎవరూ పిలవరు. స్క్రిప్టు సరిగా నడుస్తోంది. ప్రతి ముద్రా సున్నాలతో సహా పూర్తిగా అచ్చవుతోంది, ఇంకో మనిషి వచ్చి చదివి సంతకం పెడుతున్నాడు. వదిన మళ్ళీ తన యంత్రం దగ్గరే కూర్చుంటోంది. నర్సు సీసాలన్నీ ఇప్పుడు ఆవిడకే తెచ్చి ఇస్తోంది. బయటివాళ్ళెవరైనా చూస్తే అంతా మునుపటిలాగే ఉందంటారు.

రోజూ మధ్యాహ్నం తనిఖీకి రిపోర్టులు తీసుకోవడానికి అతను ల్యాబ్ అద్దం దగ్గరికి వస్తాడు. లోపల ఆవిడ రిపోర్టు తయారుచేసి, మొదటినుంచి చివరిదాకా చూసి, ముద్ర బొత్తాం మీదికి వేలు తీసుకెళ్ళి ఆపేస్తుంది. మళ్ళీ మొదటినుంచి చూస్తుంది. తరవాత పక్క బల్ల వైపు తిరుగుతుంది, నిన్నగాక మొన్న ఆవిడ దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి వైపు.

"ఒక్కసారి చూడమ్మా. నేను సరిగ్గానే చేశానా?"

సరిగ్గానే ఉంటుంది. ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. ఆ అమ్మాయి వచ్చి చూసి అవునని చెప్పేదాకా మాత్రం ఆవిడ బొత్తాం నొక్కదు.